బొట్టు పెట్టి పిలిచిన ఆట

మొన్న ఆదివారం మా మనవరాలు హాస్టలు నుంచి వచ్చి, సంచి భుజం మీద నుంచి దించకుండానే సోఫాలో కూలబడింది. గుంటూరు దగ్గర ఇంజనీరింగు చదువుతోంది, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. ఏమైందే అంటే, "సెమీఫైనల్‌కి మా క్లాసు వాళ్ళే రాలేదు అమ్మమ్మా! గ్రూపులో పెట్టాం, స్టేటస్ పెట్టాం, పోస్టరు కూడా చేశాం. అందరూ లైకులు కొట్టారు, ఒక్కళ్ళూ రాలేదు" అంది. నాకు నవ్వొచ్చింది. దానికి కోపం వచ్చింది. నేను నవ్వింది దాని కష్టానికి కాదు. అదే కష్టం పడిన ఇంకో పిల్ల, ఇరవై దాటీ దాటని వయసులో, వాయిలు చీర కొంగు నడుముకు బిగించి మెడలో ఈల వేలాడేసుకుని నరసరావుపేట ఎండలో తిరిగిన పిల్ల, హఠాత్తుగా కళ్ళముందుకు వచ్చి నిలబడింది. ఆ పిల్ల నేనే.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఆడపిల్ల కాలేజీ మెట్లు ఎక్కడమే ఒక వార్త, ఇక అక్కడ ఆటలాడుతోందంటే ఆ వార్త ఊరు దాటి చుట్టాల ఇళ్ళకు కూడా చేరేది. నేను మాచర్ల వైపు పిల్లను. గుంటూరు హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి సిమెంటు కోర్టు మీద ఈ బాస్కెట్‌బాల్ ఆట అంటుకుంది. అది వదలక వ్యాయామ విద్యలో శిక్షణ పూర్తిచేశాను. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఆడపిల్లల ఆటలు చూసుకునే ఉద్యోగం వస్తే, స్టేషను రోడ్డులో ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని చేరిపోయాను. మా నాన్న బస్సు ఎక్కిస్తూ, పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగమైతే నలుగురికీ చెప్పుకోవడానికి బాగుండేది అన్నారు గానీ, వద్దని మాత్రం అనలేదు.

ఆ కాలేజీలో ఎవరో పత్తి వ్యాపారి దానంగా వేయించిన కోర్టు ఉంది. మగపిల్లలకు క్రికెట్టూ కబడ్డీ తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు కాబట్టి అది ఖాళీగా పడి ఉండేది. అక్కడ నిలబడితే దూరంగా కోటప్పకొండ కనిపించేది. తిరునాళ్ళకు ఎవరూ పిలవకుండానే బళ్ళు కట్టుకుని వెళ్ళే జనం ఇక్కడికి ఎందుకు రారా అని ఎన్నిసార్లు ఆ కొండ వైపు చూశానో! పిల్లలు మటుకు దొరికారు. ఇంటర్లో ఖోఖో ఆడినవాళ్ళూ, పొలం పనులకు అలవాటుపడి బలంగా ఉన్నవాళ్ళూ కలిసి జట్టు తయారైంది. అందులో మాణిక్యం లాంటి పిల్ల ఒకతి. పిడుగురాళ్ల వైపు నుంచి సున్నపురాయి దుమ్ముతో తెల్లగా మెరుస్తూ వచ్చే లారీలను బాగుచేసే మెకానిక్ గారి అమ్మాయి. వాళ్ళ ఇంట్లో ఆడపిల్ల కాలేజీకి రావడం అదే మొదలు. పొడుగు చేతుల చొక్కా, పైజామా వేసుకుని, చున్నీ తలచుట్టూ బిగించి కట్టుకుని ఆడేది. బంతి చేతికి వచ్చిందంటే ఆ పిల్ల ముఖం మారిపోయేది. మామూలప్పుడు పేరు అడిగినా నేల చూసే పిల్ల, అప్పుడు మాత్రం ఎవరి కళ్ళలోకైనా సూటిగా చూసేది.

ఇంత బాగా ఆడినా చూసేవాళ్ళు లేరు. బయటి జట్టు వచ్చిన రోజున కూడా కోర్టు చుట్టూ నేనూ, నీళ్ళ బిందె దగ్గర ఆయా, గోడ నీడన పడుకున్న కుక్కలూ, అంతే. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మంచి మనిషే, కాకపోతే జాగా వృథా అయితే ఆయనకు నిద్రపట్టదు. సైకిళ్ళు వరండాల్లోకి వచ్చేస్తున్నాయనీ, కోర్టు ఉన్న చోట షెడ్డు వేయిస్తే బాగుంటుందనీ అన్నారు. "నేను ఆటకు వ్యతిరేకిని కాదమ్మా. కానీ ఎవరూ చూడని ఆట ఎవరికోసం? ఈ ఏడు అంతర్ కళాశాలల పోటీ మన దగ్గరే పెట్టారు. దానికి కనీసం మన పిల్లలన్నా వస్తే ఉంచుదాం. రాకపోతే మీరే చెప్పండి" అన్నారు. ఆ గది గడప దాటుతూ, తీసుకొస్తాను, ఎట్లా తీసుకురావాలో తెలియదు గానీ తీసుకొస్తాను అనుకున్నాను.

మొదట అందరూ చేసే పనే చేశాను, నోటీసు తీయించాను. చివరి పీరియడు బదులు అందరూ ఆటకు రావాలి, హాజరు అక్కడే అన్నాను. వచ్చారు. హాజరు పలికి, కోర్టుకు వీపు తిప్పి కూర్చుని కబుర్లు చెప్పుకుని, నేను అటు తిరగ్గానే ఒక్కొక్కరే జారుకున్నారు. సరే, బలవంతం పనికిరాదని, చిలకలూరిపేట జట్టుతో స్నేహపూర్వక ఆట పెట్టుకున్నప్పుడు క్లాసు క్లాసుకీ తిరిగాను. ప్రతి గదిలో బల్ల పక్కన నిలబడి, మన ఆడపిల్లలు ఆడుతున్నారు, మీరొచ్చి ఉత్సాహపరచాలి అని గొంతు పోయేట్టు చెప్పాను.

ఆ సాయంత్రం కోర్టు చుట్టూ మనుషులు నిండిపోయారు. నా ఆనందం ఆట మొదలయ్యేదాకానే. వచ్చినవాళ్ళంతా మగపిల్లలే. ఎవరు పరుగెత్తితే వాళ్ళ మీద ఒక మాట, పడితే ఒక ఈల, జడ ఊడితే ఒక పాట. నేను వెళ్ళి కేకలేస్తే ఒక మూల ఆగేది, రెండో మూల మొదలయ్యేది. మా పిల్లల చేతుల్లోంచి బంతి జారిపోవడం మొదలైంది. ఆ మెకానిక్ గారి అమ్మాయి కాసేపు ఓర్చుకుని, ఉన్నట్టుండి బంతిని నేలమీద పెట్టేసి, నా వైపు కూడా చూడకుండా గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది. అప్పుడు చూశాను, గేటు దగ్గర స్కూటరు పట్టుకుని వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. కూతుర్ని తీసుకెళదామని కాస్త ముందుగా వచ్చినట్టున్నాడు. అంతా చూశాడు.

మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసుకు వచ్చేది గానీ కోర్టుకు రాలేదు. రెండు మూడు రోజులు ఆగి నేనే వాళ్ళ షెడ్డుకు వెళ్ళాను. లారీ కింద నుంచి బయటికి వచ్చి, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఒక స్టూలు దులిపి నాకు వేశాడాయన. టీ తెప్పించాడు. నేను క్షమించమన్నాను. పిల్లలో ఎంత పనితనం ఉందో చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"చూసేవాళ్ళు కావాలని మీరే గదమ్మా గదిగదికీ తిరిగారంట. వచ్చారుగా. వాళ్ళు చూసింది ఆటనా, నా బిడ్డనా?"

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "దానికా ఆటంటే చానా ఇష్టం, నాకు తెలవదా? ఇంట్లో గోడకేసి కొడతానే ఉంటది. కానీ ఒకటమ్మా. వాళ్ళమ్మ వచ్చి కూర్చోగలిగిన చోటైతే పంపిస్తా. తల్లి కూర్చోలేని చోట బిడ్డ ఎట్టా ఆడుద్ది?"

షెడ్డు నుంచి గదికి నడుచుకుంటూ వస్తుంటే లారీలు లేపిన దుమ్ములో కళ్ళు మండుతున్నాయి. మండింది దుమ్ముకేనో కాదో చెప్పలేను. కానీ ఆ మనిషి నన్ను తిట్టి పంపలేదు, దారి చెప్పి పంపాడు. అంతదాకా నేను కోర్టు చుట్టూ ఖాళీ నింపాలని చూశానే తప్ప, ఎవరితో నింపాలన్న ఆలోచనే చేయలేదు. తల్లి వచ్చి కూర్చునే చోటు చేయాలి. సరే, చేద్దాం.

ముందు మా ఆడపిల్లలు ఎందుకు రావడం లేదో కనుక్కుందామని, మధ్యాహ్నం పూట వాళ్ళు అన్నాలు తినే లేడీస్ వెయిటింగ్ రూముకు నా క్యారియరు పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. మేడం వచ్చిందని మొదట్లో మాటలు ఆపేసేవాళ్ళు. గోంగూర పచ్చడి పంచుకున్నాక నోళ్ళు తెరుచుకున్నాయి. చాలామంది రొంపిచర్ల వైపు నుంచీ, నకరికల్లు వైపు నుంచీ వచ్చేవాళ్ళు. కాలేజీ వదలగానే వెళ్ళే బస్సు తప్పితే తరవాతది చీకటి పడ్డాక. మా ఆటేమో సరిగ్గా ఆ బస్సు వేళకే మొదలయ్యేది! ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, నా గది కాలేజీకి నడిచేంత దూరంలో ఉంది కాబట్టి. రెండో కారణం ఇంకా చిన్నది. వాళ్ళకు ఆట అర్థం కాదు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక, తప్పుగా కొడితే నవ్వుతారని రాకుండా ఉండేవాళ్ళు. దాంతో ఆ గదిలోనే, ఖాళీ టిఫిన్ గిన్నె కిటికీ గూట్లో పెట్టి, ఒక నిమ్మకాయ చేతికిచ్చి ఆట నేర్పాను. బంతి నేలకు కొట్టకుండా పట్టుకుని పరుగెత్తితే తప్పు, దూరం నుంచి వేసినా దగ్గర నుంచి వేసినా గిన్నెలో పడటమే లెక్క. నిమ్మకాయ పప్పు గిన్నెలో పడిన రోజున ఆ గదిలో పుట్టిన నవ్వు పక్కనున్న లైబ్రరీ దాకా వినిపించి, అక్కడి నుంచి ఫిర్యాదు కూడా వచ్చింది.

పోటీని మధ్యాహ్నం భోజనాలు కాగానే పెట్టిస్తానన్నాను. ఎండకు ఓర్చుకుంటాం మేడం, బస్సు అందితే చాలు అన్నారు. అయితే ఆ వేళ ప్రాక్టికల్సు ఉన్నాయి. కెమిస్ట్రీ లెక్చరరు గారు ససేమిరా అన్నారు, పిల్లలకు మార్కులు మీ బంతి వేస్తుందా అని కూడా అడిగారు. ఆయన గది బయట బెంచీ మీద మూడు రోజులు వరసగా కూర్చున్నాను. చివరికి, పోయిన ప్రాక్టికల్ మరో రోజు పొద్దున్నే పెట్టుకోవచ్చనీ, ఆ పూట పిల్లల్ని లాబ్‌కు తీసుకొచ్చే బాధ్యత నాదేననీ నేను మాటిచ్చాక వదిలారు.

ఇక తల్లుల సంగతి. పిల్లలతో కబురు చేస్తే, చూద్దాంలే అన్న జవాబే ప్రతి ఇంటి నుంచీ వచ్చింది. ఆ రోజుల్లోనే నేను అద్దెకున్న ఇంటి ముసలావిడ వీధిలో ఎవరింట్లోనో పేరంటం జరిగితే ఆవిడ వెళ్ళలేదు. ఎందుకండీ అంటే, "పక్కింటి పిల్ల చేత కబురంపితే ఎవరెళతారే? బొట్టు పెట్టి పిలవాలి గానీ" అంది. నేను అన్నం ముందు నుంచి లేచి నిలబడ్డాను. ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు అందించింది.

మర్నాడు ఆవిడ కుంకుమ భరిణే, ఒక పళ్ళెంలో తమలపాకులూ వక్కలూ పెట్టుకుని, జట్టులోని పిల్లలతో కలిసి బయలుదేరాను. టౌనులో ఇళ్ళు నడిచీ, పల్లెలు బస్సెక్కీ తిరిగాం. కొన్ని ఇళ్ళలో పెళ్ళి పిలుపనుకుని ఎవరి పెళ్ళమ్మా అని అడిగేవాళ్ళు, బంతాటకని చెబితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నకరికల్లు దగ్గరి పల్లెలో మా జట్టు పిల్ల తల్లి ఒకావిడ కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తోంది. "కోతలు పెట్టుకుని ఆటలు చూడ్డానికి రమ్మంటావేందమ్మా, నీకేమన్నా పిచ్చా?" అంది. అంటూనే బొట్టుకు ముఖం చాచింది. బొట్టు పెట్టించుకున్నాక రాకుండా ఉండటం మర్యాద కాదు, ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

మెకానిక్ గారి ఇంటికి చివరికి వెళ్ళాను. గుమ్మంలోకి వెళ్ళాక గానీ గుర్తు రాలేదు, వాళ్ళు ముస్లింలు, బొట్టు పెట్టుకోరు, నా చేతిలో ఉన్నదేమో కుంకుమ భరిణె అని. గబుక్కున కొంగు చాటుకు తీసుకోబోయాను. పరదా తప్పించుకుని వచ్చిన ఆ తల్లి చూడనే చూసి నవ్వింది. "దాస్తావెందుకమ్మా? పిలుపు పిలుపే గదా. నా చేతిలో ఆకూవక్కా పెట్టు" అని అరచెయ్యి చాపింది. పెట్టాను. ఆవిడ ఆ తమలపాకును మడిచి పట్టుకుని, మెల్లిగా అడిగింది. "కాలేజీ గేటు లోపలికి నన్ను రానిస్తారా?" ఆ ప్రశ్నకు నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. ఆవిడ అడిగిన తీరు మాత్రం ఈనాటికీ చెవిలో ఉంది.

పోటీ నాడు గదుల్లోని బెంచీలు మోసుకొచ్చి కోర్టుకు ఒక పక్కన వేశాం. షామియానా కట్టించాం. భోజనాల గంట కొట్టాక వెయిటింగ్ రూము పిల్లలంతా వరసగా వచ్చి కూర్చున్నారు. తల్లులు ఒకరి వెనక ఒకరు వచ్చారు, కొత్త చీరలతో కొందరు, పొలం నుంచి నేరుగా కొందరు. మిరపకాయల ఆవిడ వచ్చి, చేతులు మండుతున్నాయని తడిగుడ్డ అడిగి, ముందు బెంచీలో నడిమధ్యన కూర్చుంది. ఆవిడ పక్కనే నల్ల బురఖాలో మెకానిక్ గారి భార్య. ఆయన మాత్రం గేటు బయటే, స్కూటరు దగ్గరే ఉండిపోయాడు.

గుంటూరు జట్టు పిల్లలు పొడుగ్గా, ఒకే రంగు దుస్తుల్లో ఉన్నారు. మొదట్లోనే మా వాళ్ళు బాగా వెనకబడ్డారు. అప్పుడే మగపిల్లల గుంపు వచ్చి వెనక నిలబడి ఈలలు మొదలుపెట్టింది. నేను లేవబోయేలోపలే మిరపకాయల ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఒరేయ్, ఎర్రచొక్కా! నువ్వు మా మిల్లు కాడి పెద్దాయన మనవడివి గదూ? మీ నాయనమ్మ నాకు వదినవుద్ది. నిలబడి ఈలలేస్తన్నావేంది? ఇట్టా వచ్చి కూకో."

ఆ అబ్బాయి అటూ ఇటూ చూశాడు. ఆవిడ బెంచీ మీద జరిగి చోటిచ్చింది. వచ్చి కూర్చున్నాడు. వాడు కూర్చున్నాక మిగతావాళ్ళకు నిలబడి ఏం చేయాలో తోచలేదు, వాళ్ళూ నేలమీద చతికిలబడ్డారు. ఆవిడ ఊరుకోలేదు. "ఆ గీత దాటితే ఏందిరా? ఆ ఆటాడించే ఆయన ఈల ఎందుకేశాడు?" అని వాడిని అడగడం మొదలుపెట్టింది. వాడికి తెలియదు. వెనక వరసలోంచి నిమ్మకాయ చదువు చదివిన పిల్ల ఒకతి వంగి ఇద్దరికీ చెప్పింది.

ఆ తరవాత ఆట చూసేవాళ్ళ ముఖాలు చూడటంలో సగం ఆట నేను చూడనే లేదు. చప్పట్లు పడాల్సిన చోట పడ్డాయి. "ఏమే, ఆ పొడుగుదాన్ని అడ్డుకోండే!" అని తల్లులు అరుస్తున్నారు. మా పిల్లలు మెల్లమెల్లగా పుంజుకున్నారు. ఆఖరి నిమిషాల్లో మెకానిక్ గారి అమ్మాయి చేతికి బంతి వచ్చింది, ఎదురుగా ఇద్దరు అడ్డం నిలబడ్డారు, ఇటా అటా అని ఆ పిల్ల ఒక్క క్షణం ఆగిపోయింది. అప్పుడు ముందు బెంచీలోంచి ముఖం మీద ముసుగు పైకి తీసేసి, వాళ్ళమ్మ లేచి నిలబడి, కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. గొంతెత్తి, కోర్టంతా వినిపించేట్టు. అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల కూడా తల్లి వైపు చూసింది, చూసి ఇద్దరి మధ్య నుంచీ దూసుకుపోయి బంతి వేసింది. ఇనుప చట్రం మీద ఒక చుట్టు తిరిగి లోపలికి పడింది.

అయినా ఓడిపోయాం. ఓడిన సంగతి చాలామంది తల్లులకు ఇంటికి వెళ్ళాక గానీ తెలియదనుకుంటాను, ఎవరూ అంతలో కదల్లేదు. పిల్లల చెమటలు కొంగులతో తుడుస్తూ, అవతలి జట్టు పిల్లలకు కూడా మజ్జిగ పోస్తూ, బస్సు వేళయిందని నేను గుర్తుచేసేదాకా అక్కడే ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. "షెడ్డు ప్రహరీ పక్కన వేయిద్దాం లెండి, అక్కడా జాగా ఉన్నట్టే ఉంది" అని, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయారు. గేటు దగ్గర మెకానిక్ గారు స్కూటరు స్టాండు తీస్తూ, "రేపటి నుంచి దాన్ని ఎన్నింటికి పంపమంటారమ్మా?" అని అడిగారు. మా ఓటమి అక్కడితో మర్చిపోయాను.

అంతటితో అంతా సవ్యంగా జరిగిపోయిందని చెప్పను. తరవాతి ఆటకు సగం మంది రాలేదు. మళ్ళీ భరిణె పట్టుకుని తిరిగాను, ఆ తరవాత మళ్ళీ తిరిగాను. నేనక్కడ పనిచేసినన్నాళ్ళూ ప్రతి ఆటకూ తిరగాల్సిందే. జట్టులో ఒక పిల్లకు మధ్యలోనే పెళ్ళి చేసి పంపేశారు, ఆపలేకపోయాను. మెకానిక్ గారి అమ్మాయి మాత్రం నా బాటే పట్టి, గురజాల దగ్గర బడిలో ఆటల టీచరయింది. ఈమధ్యే రిటైరైందట. ఆ మిరపకాయల ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఇదంతా విని మా మనవరాలు, ఇప్పుడెవరు అమ్మమ్మా ఇంటింటికీ తిరిగేది, పేరెంట్సుకు లైవ్ లింకు పంపుతాం కదా అంది. నిజమే. వాళ్ళకు చెక్కనేల ఉన్న ఇండోర్ కోర్టుంది, దీపాలున్నాయి, బుట్ట పడగానే ఆడిన పిల్ల పేరు పెద్ద తెర మీద అక్షరాలుగా వెలుగుతుందట. ఈల వేసే పోకిరీలూ లేరట, ఎందుకంటే అసలు మనుషులే లేరు. మంచిదే, నా పిల్లలు పడిన మాటలు వీళ్ళు పడనక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడపిల్ల పేరును వీధిలోకి వినపడేట్టు పిలవడం తప్పుగా ఉండేదనీ, అట్లాంటిది పరదా వెనక బతికిన ఒక తల్లి పరాయివాళ్ళందరి మధ్యా లేచి నిలబడి బిడ్డ పేరు గొంతు చించుకుని పిలిచిందనీ, ఆ పిలుపు విన్న పిల్ల ముఖం నేను చూశాననీ ఈ పిల్లకు ఎట్లా అర్థమయ్యేలా చెప్పను? తెర మీద పేరు చూసుకుంటే సంతోషమే వేస్తుంది, కాదనను. కాకపోతే ఆ తెరకు ఆ పిల్ల ఎవరో తెలియదు.